మావయ్యగారి మూడంతస్తుల రైలు

ఇది మహాకావ్యం. ఇందులో ఒక నది ఉంది, నది మీద వంతెన ఉంది, వంతెన దాటే రైలు ఉంది. మూడు లోకాలున్నాయి. ఒక మరణం ఉంది. మరణించిన మనిషి పై లోకం నుంచి రోజుకింత చొప్పున కిందికి దిగి రావడం ఉంది. ఆయన కోసం ఎదురుచూస్తున్న స్త్రీకి చూపు పోయే ప్రమాదం కూడా ఉంది. ఇన్ని ఉన్నాక పాఠకులు కాస్త సర్దుకుని కూర్చోవడం మంచిది.

సర్దుకోనక్కర్లేదు. కావ్యమేమీ లేదు. నది అంటే ఒక డబ్బా నీలం రంగు. మూడు లోకాలంటే మూడు చెక్క బల్లలు. అన్నీ కలిపి మా అత్తయ్య ఇంటి మేడ మీద, కొబ్బరికాయలు పోసుకోవడానికి కట్టుకున్న ఒకే ఒక్క గదిలో పట్టాయి. ఆ ఇల్లు అమలాపురానికీ ముక్తేశ్వరం రేవుకీ మధ్యన ఉంది. మరణం మాత్రం మామూలు సైజుదే. దాన్ని చిన్నది చేసి చెప్పాలని చాలాసార్లు చూశాను, కుదరలేదు.

అత్తయ్య మా నాన్నకి అక్క, మాదీ అదే ఊరు. ఆమె భర్త, అంటే మా మావయ్యగారు, కాలువ లాకుల దగ్గర ఉద్యోగం చేసి రిటైరయ్యారు. కాలువలో ఒకపక్క నీళ్ళు ఎత్తుగా, ఒకపక్క పల్లంగా ఉన్నచోట పడవని గదిలాంటి దాంట్లోకి రానిచ్చి, వెనక తలుపు మూసి, నీళ్ళు నింపి, పడవ పైకి తేలాక ముందు తలుపు తీస్తారు. అదీ లాకు. ఆయన ఉద్యోగమంతా ఆ తలుపులు తీయించడం, మూయించడం. చేరేనాటికి పడవలు వరస కట్టేవట. దిగేనాటికి సరుకంతా లారీలెక్కేసింది. ఆఖరి సంవత్సరాల్లో గుర్రపుడెక్క తప్ప ఏదీ లాకు దాటలేదని ఆయనే చెప్పేవారు. దానికి కూడా తలుపు మర్యాదగానే తీయించేవారట.

రిటైరైన ఏడాది, దుబాయిలో ఉండే ఆయన తమ్ముడు సెలవుకి వచ్చి అందరికీ రగ్గులూ సెంటు సీసాలూ పంచి, ఆయన చేతిలో ఒక అట్టపెట్టె పెట్టాడు. అందులో జానెడు ఇంజను, రెండు బోగీలు, గుండ్రంగా అమర్చుకునే పట్టాలు, కరెంటు హెచ్చుతగ్గులు చేసే చిన్న డబ్బా ఉన్నాయి. పిల్లలు లేని ఇంటికి బొమ్మ రైలేమిటని అత్తయ్య ముఖం ముడుచుకుంది. ఆ ముడి విప్పుకునేలోపే ఆయన మేడ మీద మేకులు కొట్టడం మొదలుపెట్టారు.

కోనసీమకి రైలు లేదు. వస్తుందని మా తాత చెప్పాడు, నాన్న చెప్పాడు, ప్రతి ఎన్నికల్లోనూ ఎవరో ఒకరు చెప్పారు. గోదావరికి అవతల కోటిపల్లి దాకా ఒకప్పుడు రైలు ఉండేదట. యుద్ధం రోజుల్లో పట్టాలు పీక్కుపోయారు, కట్ట మాత్రం మిగిలింది. చిన్నప్పుడు మావయ్యగారు పంటు మీద గోదావరి దాటి వెళ్ళి ఆ కట్ట మీద నడిచేవారట. పట్టాలు లేని చోట చెవి ఆనించి పడుకుంటే లోపల దూరంగా రైలు పోతున్న చప్పుడు వినబడేదని ఒకసారి నాతో అన్నారు.

"చీమలై ఉంటాయి లెండి," అన్నాను.

"అయ్యుండచ్చమ్మా," అన్నారాయన.

ఆయనతో ఇబ్బంది అదే. ఎంత వెక్కిరించినా ఒప్పేసుకునేవారు. నాలాంటిదానికి అంతకంటే అన్యాయం ఉండదు. నేనప్పుడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాను. ఆ చదువుకి చుట్టుపక్కల దొరికిన ఏకైక ఉద్యోగం మావయ్యగారి స్టేషన్లకి బల్బులు అతకడం.

తొంభై ఆరు తుఫానుకి తోటలో సగం చెట్లు పడిపోయాయి. ఊరంతా దుంగలే, కొనేవాడు లేడు. వాటిని కోయించి స్తంభాలు పాతారు, బల్లలు పరిచారు. ఆ కొబ్బరి చెక్క ఎన్నాళ్ళకీ ఆరలేదు. మధ్యాహ్నం పూట గది తలుపు తీస్తే తుఫాను మర్నాటి వాసన వచ్చేది. పడిపోయిన చెట్లన్నీ లోపల నిలబడి ఉన్నట్టుండేది. నాకలా అనిపించిందని నేనెవరికీ చెప్పలేదు. వార్నిషు బాగాలేదని చెప్పాను.

కింది బల్ల మీద గోదావరి, దాని మీద వంతెన, నది మధ్యన లంకలు, చుట్టూ కాలువలు. నడిమి బల్ల మీద అమలాపురం, రాజోలు, కొత్తపేట స్టేషన్లు. పై బల్ల తలకంటే ఎత్తు, స్టూలెక్కితే గాని కనబడదు. అది గోదావరి అవతలి ఒడ్డు. అక్కడ కాకినాడ ఉంది, ఆ తర్వాత గోడ ఉంది. ఊళ్ళోవాళ్ళు గల్ఫ్ నుంచి వచ్చినప్పుడల్లా ఆయన కోసం రెండు ముక్కలు పట్టాలు తెచ్చేవారు. మిగతా సామగ్రి అంతా పెరటిది. కొబ్బరి పీచు పట్టాల కింద మెత్తగా వేశారు. ఈనెపుల్లలు కంచెలయ్యాయి, గొడుగు ఊచలు సిగ్నళ్ళయ్యాయి. ఆయన జీవితంలో రైలెక్కింది వేళ్ళమీద లెక్కపెట్టచ్చు, కనుక తెలియని చోట తెలిసినదే కట్టారు. ప్రతి స్టేషనుకీ వరదకి అందనంత ఎత్తు అరుగు, అరుగు ముందు రేవు మెట్లు. పడవ దిగి రైలెక్కే ఏర్పాటన్నమాట.

మనుషులు మాత్రం లేరు. ప్లాట్‌ఫారాలన్నీ ఖాళీ. అత్తయ్య ఒకసారి పైకొచ్చి చుట్టూ చూసి, మనుషుల్లేని ఊళ్ళేంటండీ, చూస్తుంటేనే గుండె అదోలా ఉంది అంది. రైలొచ్చేక వాళ్ళే వస్తారులే అన్నారాయన.

రైలుని కింది బల్ల నుంచి పై బల్లకి ఎక్కించడమెలా అన్నది పెద్ద చర్చ. పట్టాలని చుట్లు చుట్లుగా తిప్పుకుంటూ వాలుగా ఎక్కించాలని నేను చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు. నీరు వాలు ఎక్కదన్నారు, పడవా ఎక్కదన్నారు, తలుపు మూసి లేపాలన్నారు. లేపారు కూడా. రైలు పట్టేంత పొడుగు చెక్క తొట్టి చేయించి, తాళ్ళు కట్టి, పైకప్పుకి బిగించిన సైకిలు చక్రాల మీదుగా అవతలికి వేశారు. అవతలి కొసన ఒక వల సంచి. బరువు కోసం అందులో కొబ్బరికాయలు. డొక్కుతో, అంటే పైపీచుతో ఉన్నవి, తోటలోవి. కోనసీమలో బరువు కావాలంటే మనిషి చెయ్యి ఇంక దేని మీదకి వెళ్తుంది? సంచి కింద ఒక పాత ఇనప గొలుసు వేలాడుతూ సగం నేల మీద కుప్పపడి ఉండేది. సంచి లేచేకొద్దీ గొలుసు కూడా లేచి బరువు పెరుగుతుంది కాబట్టి తొట్టి ఒక్కసారిగా పడిపోకుండా ఎక్కడో ఒకచోట మర్యాదగా ఆగేది. లాకులో నీళ్ళు నింపినట్టే ఇదీ. మూడు కాయలు వేస్తే కాకినాడ. రెండు వేస్తే అమలాపురం. ఒకటి మిగిలితే లంకలు. తోటలో చెట్లెక్కించి దింపు తీయించినప్పుడల్లా పాత కాయలు తీసి కొత్తవి వేసేవారు. ఎందుకని నేనడగలేదు. పువ్వులు మార్చినట్టు అనుకున్నాను.

ఆ ఇంట్లో మధ్యాహ్నమైందని గడియారం చెప్పక్కర్లేదు. అత్తయ్య మెట్ల కింద నిలబడి, "ఏవండీ, దిగి రండి," అనేది. పైనుంచి, "ఆయ్, వస్తన్నా," అని వినబడేది. మాట వచ్చేది, మనిషి వచ్చేవారు కాదు. మళ్ళీ పిలిచేది. మళ్ళీ ఆయ్. పులుసు చల్లారాక, అత్తయ్య అలగడం మొదలయ్యాక, ఆయన చేతులు కడుక్కుంటూ కనబడేవారు. ఇలా కొన్నేళ్ళు జరిగింది.

ఒకరోజు ఆయ్ రాలేదు.

అత్తయ్యకి మోకాళ్ళ నొప్పి. వెళ్ళి చెవి పట్టుకుని దింపుకురా అని నన్ను పంపింది. మావయ్యగారు స్టూలు మీద గోడకి జారగిలబడి ఉన్నారు. సంచిలో మూడు కాయలున్నాయి, తొట్టి పైకి చేరి ఉంది, దాని తలుపు కాకినాడ వైపు తెరిచి ఉంది. రైలు తొట్టిలోంచి బయటికి రాలేదు. స్టేషన్లన్నిట్లో బల్బులు వెలుగుతున్నాయి.

నేను అలవాటు ప్రకారం ముందు జోకు వేశాను. కాకినాడ వచ్చేసిందండి, దిగండి అన్నాను.

ఆయన ఒప్పుకోలేదు. అది మొదటిసారి.

మెట్లు మలుపు మెట్లు, ఆయనని కిందికి తేవడం చాలా కష్టమైంది. అత్తయ్య మెట్ల కిందే నిలబడి ఉంది, రోజూ నిలబడే చోటే. ఏడవలేదు. జాగ్రత్త, గోడ తగులుద్ది అని మాత్రం అంది.

కర్మలన్నీ అయ్యాక కూడా మేడ గదిని ఎవరూ ముట్టుకోలేదు. స్విచ్చి ఆయన వేసినట్టే ఉండిపోయింది. మధ్యాహ్నాలు కరెంటు పోయేది, వచ్చేది. వచ్చినప్పుడల్లా పైన అన్ని ఊళ్ళూ ఒకేసారి వెలిగేవి, మెట్ల మీదికి సన్నగా వెలుతురు జారేది. కింద అన్నం తింటున్న మేము ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా పులుసు వడ్డించుకునేవాళ్ళం. వోల్టేజి తక్కువ కాబట్టి ఎర్రగా ఉంది అనేదాన్ని నేను. నిజమే, వోల్టేజి తక్కువే. అయినా ఎవరికీ ఊరట కలగలేదు.

ఆ సమయంలోనే తొట్టి దిగడం మొదలైంది.

ముందు కనిపెట్టింది అత్తయ్య. ఆమె ఊడవడానికని పైకి వెళ్ళి, తిరిగొచ్చి నాన్నతో మామూలుగా చెప్పింది, ఆయన దిగుతున్నారురా అని. నాన్న కాఫీ గ్లాసు కింద పెట్టి మెట్ల వైపు నడిచాడు. అందరం వెళ్ళి చూశాం. కాకినాడ పట్టాల దగ్గర ఉండాల్సిన తొట్టి జానెడు కిందికి వచ్చి గాలిలో ఆగి ఉంది. లోపల రైలు అలాగే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకునే ధైర్యం ఉన్నవాళ్ళు మా ఇంట్లో లేరు.

ఆ తర్వాత అది రోజుకి వేలెడు కూడా కాకుండా దిగుతూనే ఉంది. అత్తయ్యకి చూపు మసక, కనుక స్తంభం మీద చాకుతో గాటు పెట్టి, రోజూ పొద్దున్నే మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వేలితో తడిమి చూసుకునేది. గాట్లు ఒకదాని కింద ఒకటి పెరిగాయి. ఇదీ చాలదన్నట్టు, ఆ రోజుల్లోనే కోటిపల్లికి మళ్ళీ రైలు వేశారు. ఒక మధ్యాహ్నం గాలి అటు నుంచి వీచి, గోదావరి మీదుగా సన్నగా కూత వినబడింది. నాన్న లేచి చెప్పులు వెతుక్కున్నాడు. రాజకీయాల్లో ఎవరికీ భయపడని మనిషి. ఎవరినో పిలిపించి నిమ్మకాయలు కోయించాలన్నాడు. టిక్కెట్ కలెక్టరుని పిలిస్తే చాలు నాన్నా అన్నాను. ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

మేమంతా భయపడటానికి పెద్ద కారణం తొట్టి కాదు, అత్తయ్య కన్ను. ఆమె ఎడమ కన్ను చిన్నతనంలోనే, కళ్ళంలో నూర్పుల రోజున గడ్డిపోచ గుచ్చుకుని పోయింది. కుడి కంట్లో శుక్లం పూర్తిగా ముదిరింది. అమలాపురంలో డాక్టరు చూసి, వెంటనే కాకినాడ తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించమన్నాడు. ఇంకా నానిస్తే లోపల పగిలి ఒత్తిడి పెరుగుతుందని, అప్పుడు తనేకాదు ఎవరూ ఏమీ చెయ్యలేరని విడమరిచి చెప్పాడు. ఉన్నది ఒక్క కన్ను. నాన్న రెండుసార్లు ప్రయాణం కట్టించాడు. రెండుసార్లూ అత్తయ్య చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయింది.

"ఆయన దిగుతుంటే నేను ఇంట్లో లేకుండా ఎలా వెళ్తానురా? దిగేక వెళ్దారి," అంది.

పాలిటెక్నిక్ చదివినదాన్ని, కారణం నాకు ముందే తట్టాలి. తట్టలేదు. ఆ కాయల సంచి సరిగ్గా ఆయన స్టూలు వెనక వేలాడుతుంది. అటువైపు చూడటం నేను మానేశాను. గదిలోకి వెళ్ళినా తొట్టి వైపు మాత్రమే చూసి వచ్చేసేదాన్ని. అత్తయ్య మూడోసారి ప్రయాణం ఎగ్గొట్టిన పూట కోపంతో పైకి వెళ్ళాను. కోపంలో ఉన్నప్పుడు ఎటు చూడకూడదో గుర్తుండదు. సంచి కనబడింది. కాయలు గోధుమరంగుకి తిరిగి ముడుచుకుపోయాయి. ఒకటి తీసి ఊపాను. లోపల నీళ్ళు గలగలమన్నాయి. డొక్కు దూదిలా ఉంది.

అంతే. కాయలు ఎండి తేలికయ్యాయి, సంచి లేచింది, తొట్టి దిగింది. దింపుకోసారి ఆయన కాయలెందుకు మార్చేవారో అప్పుడు తెలిసింది.

భయం పోయింది. భయంతో పాటు ఆయన కూడా ఇంకోసారి పోయినట్టనిపించింది. ఆ ఆలోచన నాకు నచ్చలేదు, అందుకని లెక్క చూసుకున్నాను. లెక్క ఇంకా అధ్వాన్నంగా ఉంది. కాయ ఎంత ఎండినా సగం బరువుకి వస్తుంది గాని మాయమైపోదు. అంటే తొట్టి వచ్చి వచ్చి అమలాపురం దగ్గర ఎక్కడో ఆగిపోతుంది. కింది బల్లకి ఎప్పటికీ చేరదు. అత్తయ్య జీవితాంతం గాట్లు తడుముకుంటూ కూర్చుంటుంది, అదీ చీకట్లో.

చెప్పెయ్యచ్చు. కాని కొబ్బరికాయ ఎండిందని చెప్పి ఒక మనిషి దగ్గర్నుంచి భర్తని లాక్కోవడం ఎలాగో మా సిలబస్‌లో లేదు. ఆయన దిగేక వెళ్దారి అంది కదా, దిగేస్తే సరి అనుకున్నాను. ఒక కాయ తీసేసి, అటక మీది గుల్ల కాయ ఒకటి వేశాను. తొట్టి మూలుగుతూ కదిలి అమలాపురం దాటి ఆగింది. ఇలా ఇంకో రెండు పూటల్లో దింపెయ్యచ్చు. చాలా తెలివైనదాన్నని అనుకుంటూ ఇంటికెళ్ళి పడుకున్నాను.

మర్నాడు పొద్దున్న వెళ్ళేసరికి తొట్టి కాకినాడలో ఉంది.

గాట్లన్నిటికీ పైన, మొదటిరోజు ఉన్నచోట, తలుపు పట్టాలకి సమానంగా ఉంది. రైలు లోపల అలాగే ఉంది. ఎండిన కాయ దానంతటది బరువెక్కదు. ఇది తెలియడానికి డిప్లొమా కూడా అక్కర్లేదు. కిటికీలోంచి ఎండ పడుతోంది, కింద గిన్నెల చప్పుడవుతోంది. ఖాళీ ప్లాట్‌ఫారాలన్నీ నా వైపే చూస్తున్నట్టున్నాయి. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్తాను, మావయ్యగారూ అని పిలిచాను. జవాబు వస్తే ఏం చెయ్యాలో నాకు తెలీదు. రాలేదు. వచ్చి ఉంటే బావుండేదని కూడా అనిపించింది, కాబట్టి ఇక ఎవరినీ వెక్కిరించే అర్హత నాకు లేదు.

కాసేపటికి స్టూలు వెనక్కి తొంగి చూశాను. సంచిలో మూడు పచ్చటి కాయలున్నాయి. తొడిమల దగ్గర జిగురు ఇంకా ఆరలేదు. నిన్న సాయంత్రం తోటలో దింపు తీశారు.

వెనక్కి తిరిగితే అత్తయ్య పై మెట్టు మీద కూర్చుని ఉంది. ఆ మోకాళ్ళతో, ఆ కన్నుతో, ఒక్కో కాయా చంకన పెట్టుకుని మెట్లెక్కిందన్నమాట.

"కాయలు నువ్వు మార్చేవా అత్తయ్యా?"

"మార్చేను. గుల్ల కాయ వేసింది నువ్వే కదే?"

నేను ఒప్పుకున్నాను. మావయ్యగారి లక్షణం అంటుకున్నట్టుంది.

"ఎప్పట్నించి తెలుసు?"

"కాయ ఎండితే తేలికవుద్దని తెలీడానికి చదువుకోవాలేంటి? మొదట తట్టలేదు. మొన్న ఊడుస్తుంటే చీపురు సంచికి తగిలింది. తడిమి చూసేను."

"మరి దిగుతున్నారు దిగుతున్నారు అని మా అందరి ప్రాణాలూ తీసేవు?"

"దిగుతున్నారు కదా," అంది. కొంగు అంచు వేళ్ళతో నలుపుతూ మళ్ళీ మొదలుపెట్టింది. "కాపరానికొచ్చిన కాడ్నించీ పిలిచేనే. ఒక్క పూటా పిలవగానే దిగలేదు. ఇప్పుడు నిజంగా దిగుతుంటే నాకే బెంగొచ్చింది. కిందకొచ్చేసేక ఇంకేమని పిలవను?"

నేను వెళ్ళి ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను. కింద ఎవరో వచ్చి కాయలు లెక్కపెట్టుకుంటున్నారు. నేనన్న మాట జోకు కూడా కాదు.

"పైనున్నారో కిందున్నారో, ఆ ఒక్క కన్నూ పోతే నీకెవరు చెప్తారు అత్తయ్యా? నాన్న గదిలోకి రాడు. నేనే చెప్పాలి."

అత్తయ్య నా వైపు తిరిగింది. కనబడకపోయినా చూసింది.

"నువ్వా?"

"నేనే."

"నిన్ను నమ్మితే ఇంకేమైనా ఉందా? ఆయన అమలాపురం స్టేషన్లో టీ తాగుతున్నారని చెప్తావు."

"పక్కన సమోసా కూడా తింటున్నారని చెప్తాను."

అత్తయ్య నవ్వింది. ఆయన పోయాక అదే మొదలు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, "అయితే కాకినాడ ఎప్పుడో మీ నాన్నని కనుక్కో," అంది. నా మీద ఎవరికీ నమ్మకం లేకపోవడం వల్ల జరిగిన ఏకైక మేలు అది.

ఒక్క షరతు పెట్టింది. తను తిరిగొచ్చేదాకా తొట్టి ఎక్కడా దిగకూడదు, ఎక్కకూడదు. అమలాపురం దగ్గర ఆపమంది. కొబ్బరి కొట్టు నుంచి ఇనప తూకం రాళ్ళు అడిగి తెచ్చి, కాయల బదులు సంచిలో వేశాను. ఇనుము ఎండదు. రాళ్ళు ఎందుకని కొట్టాయన అడిగితే రైలుకని చెప్పాను. ఆయన తల ఊపి ఇంకే ప్రశ్నా వెయ్యలేదు. మా అత్తయ్య ఇంటి సంగతి అప్పటికి అందరికీ తెలుసు.

పంటు ఎక్కితే కాకినాడ దగ్గరే, కాని అత్తయ్య మోకాళ్ళకి రేవు మెట్లు పనికిరావని యానాం మీదుగా బస్సులో వెళ్ళాం. మురమళ్ళ రాగానే ఎవరూ చెప్పకుండానే గుడి వైపు చేతులు జోడించింది. వంతెన మీదికి వచ్చాక చక్రాల చప్పుడు మారింది. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"ఇది రైలు వంతెనా, బస్సుదా?"

"బస్సుదే."

"ఏదో ఒకటి వచ్చింది కదా," అంది. తర్వాత గొంతు తగ్గించి, ఆయన ఈ వంతెన చూళ్ళేదే అంది. కిటికీలోంచి గోదావరి చాలాసేపు పోయింది. నేను దాని వెడల్పు గురించి ఏదో చెప్పబోయి మానేశాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇందులో నాటకమేమీ లేదు, ఉంటే నేనే తీసేసి ఉండేదాన్ని. కట్టు విప్పాక అత్తయ్య మొదట నన్ను చూసి, ఇలా చిక్కిపోయేవేంటే అంది. నేను చిక్కలేదు. మసకలో చూసినన్నాళ్ళూ నేను లావుగా కనబడ్డానన్నమాట.

తిరిగొచ్చాక కొన్నాళ్ళు ఆగి, నల్లద్దాలు పెట్టుకుని, నా భుజం పట్టుకుని మేడెక్కింది. గుమ్మంలో నిలబడిపోయింది. ఆ గదిని ఆమె సరిగ్గా చూసి ఎన్నేళ్ళయిందో. స్టేషన్ల అరుగులు ఒక్కొక్కటే చూసింది. రేవు మెట్లు చూసింది. గొడుగు ఊచల సిగ్నళ్ళు చూసి, నా గొడుగు ఇక్కడుందా అంది. గోదావరి ఆకుపచ్చగా ఉందేంటని అడిగింది. నల్లద్దాల వల్ల అన్నాను. స్తంభం దగ్గరికి వెళ్ళి తను పెట్టిన గాట్లు చూసుకుంది. అవి అంత దగ్గర దగ్గరగా ఉన్నాయని అనుకోలేదట.

నడిమి బల్ల దగ్గర తొట్టి కదలకుండా ఉంది. దాని ముందు నిలబడి, లోపల ఇంజనునీ బోగీలనీ చాలాసేపు చూసింది. గదిలో ఇద్దరమే ఉన్నాం, ఇద్దరం ఉన్నట్టు లేదు. నేను స్టూలు వైపు చూశాను. అది స్టూలే.

"దింపు," అంది.

"నిజంగానా?"

"బరువులు ఎత్తద్దన్నారుగా నన్ను. నువ్వే దింపు."

సంచిలోంచి తూకం రాళ్ళు తీశాను, ఒక్కటి మాత్రం ఉంచి. తొట్టి కదిలింది. గొలుసు ఒక్కో లంకె నేల మీంచి లేస్తూ చప్పుడు చేసింది. అమలాపురం పైకి పోయింది. రైలు లంకల మీదికి దిగి, కింది బల్ల అంచుకి టక్కుమని తగిలి ఆగింది. అన్ని నెలలు పట్టినది ఇట్టే అయిపోయింది.

అత్తయ్య వంగకుండానే తల కాస్త వాల్చి దాన్ని చూసింది. పెదాలు కదిలాయి. ఏదో అనబోయింది. నేను కూడా వినడానికి సిద్ధపడ్డాను, జోకు వెయ్యకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాను కూడా.

వచ్చింది తుమ్ము.

బోగీల మీద, స్టేషన్ల మీద, గోదావరి మీద, అన్ని నెలల దుమ్ము. తుమ్మితే కుట్లు కదులుతాయని, కంట్లో దుమ్ము పడితే పుండవుతుందని కాకినాడలో మరీ మరీ చెప్పి పంపారు. నేను కంగారుగా ఆమె ముక్కు పట్టుకున్నాను, ఆమె నా చెయ్యి కొట్టింది, రెండో తుమ్ము ఎలాగో ఆగింది. అనబోయిన మాట ఏమిటని తర్వాత అడిగితే, గుర్తులేదే అంది. నిజం చెప్పిందో లేదో నాకు తెలీదు. చూపు బాగుపడ్డాక ఆమె ముఖం చూసి ఏదీ చెప్పడం కష్టమైపోయింది.

ఆ పూటే స్విచ్చి ఆపి, ఫ్యూజు పీకి, గది తలుపు మూసి తాళం వేశాం. కన్ను గట్టిపడేదాకా ఆ దుమ్ము గది తియ్యద్దని డాక్టర్లు అన్నారు, తర్వాత తీసే పని పడలేదు. సముద్రం దగ్గరవడంతో మా వైపు గాలికి ఇత్తడి తాళం కూడా బిగుసుకుపోతుంది. మూడు నెలలకోసారి నేనే వెళ్ళి తాళం లోపల గ్రీజు రాయాలి. కొబ్బరినూనె పనికిరాదు, చీమలు పడతాయి.